మీసాల చేప చరిత్ర – గోలెం నుండి గాజు తొట్టికి

ప్రత్యేక సంచికకు కొండవీటి చరిత్ర మీద ఒక వ్యాసం రాసి పంపమని మన కార్యదర్శి గారు కోరారు. కొండవీడు అనగానే రెడ్డిరాజులు. 1325 ప్రాంతంలో ప్రోలయ వేమారెడ్డి అద్దంకిలో రాజ్యం స్థాపించడం, ఆయన కుమారుడు అనవోతారెడ్డి రాజధానిని కొండవీటికి మార్చడం, పెదకోమటి వేమారెడ్డి కొలువులో శ్రీనాథుడు విద్యాధికారిగా ఉండడం, 1515లో శ్రీకృష్ణదేవరాయలు కోటను పట్టుకోవడం – ఇవన్నీ మన పాఠకులకు కంఠతా వచ్చినవే. నేను మళ్ళీ రాస్తే పాత ఫైలుకు కొత్త అట్ట వేసినట్టు ఉంటుంది. అందుచేత ఈసారి చేపల గురించి రాస్తున్నాను. అందులోనూ మీసాలున్న చేపలు, వాటిని మనుషులు ఇళ్ళలో పెంచుకున్న కథ. నవ్వుకోకండి. తిరిగి తిరిగి కొండ మీది చెరువుల దగ్గరికే వస్తాను.

మీసాలు చూసి ఇంగ్లీషువాడు ఈ జాతి మొత్తానికి ‘క్యాట్‌ఫిష్’, అనగా పిల్లిచేప, అని ఒక్క పేరు పెట్టి ఊరుకున్నాడు. మనవాళ్ళు అలా ఊరుకోలేదు. పెద్ద నోరు, నోటినిండా పళ్ళు, పొడవాటి ఒళ్ళు ఉన్నది వాలుగ. సంస్కృతంలో దీన్ని పాఠీనం అంటారు. అమరకోశం దీనికి వేయి కోరలున్నాయని పేరు పెట్టింది. చిన్న ఒళ్ళు, వీపు మీద గట్టి ముల్లు ఉన్నది జెల్ల. (నెత్తిన పడే జెల్లకాయకూ దీనికీ చుట్టరికం లేదు లెండి.) నల్లగా జారిపోతూ, గట్టున పడేసినా చాలాసేపటిదాకా ప్రాణంతో ఉండేది మార్పు. దానికి తమ్ముడిలా సన్నగా ఉండి రెక్కముల్లుతో కుట్టేదాన్ని కొన్ని చోట్ల ఇంగిలాయి అంటారు. వీటిలో దేనికీ పొలుసు ఉండదు. బురదనీటిలో కళ్ళు ఎంతో పనిచేయవు గనుక మీసాలతోనే తడుముకుని తిండి వెతుక్కుంటాయి. రుచి తెలుసుకునే శక్తి ఆ మీసాల్లోనే ఉంది.

ఈ పేర్ల విషయంలో తెలుగువాళ్ళు సంతోషించదగ్గ సంగతి ఒకటి ఉంది. పాట్రిక్ రస్సెల్ అనే వైద్యుడు 1780లలో ఈస్టిండియా కంపెనీ తరఫున మన తీరంలో పనిచేశాడు. విశాఖపట్నంలో దొరికిన రెండు వందల చేపలకు మన దేశపు చిత్రకారుల చేత బొమ్మలు గీయించి, 1803లో లండనులో రెండు సంపుటాలుగా అచ్చు వేయించాడు. ఆ చేపలకు ఇక్కడి జాలరులు చెప్పిన పేర్లను ఇంగ్లీషు అక్షరాల్లో యథాతథంగా రాసుకున్నాడు. అందులో జెల్లలున్నాయి, వాలుగా ఉంది. తరువాత 1851లో బ్లీకర్ అనే డచ్చి శాస్త్రజ్ఞుడు వాలుగ జాతికి ‘వల్లాగో’ అని నామకరణం చేశాడు. మన చెరువుగట్టు మాట ప్రపంచమంతటా జంతుశాస్త్రపు రికార్డుల్లో ఈనాటికీ అలాగే ఉంది. ముప్పై అయిదేళ్ళు రిజిస్టర్లలో పేర్లు ఎక్కించినవాణ్ణి గనుక, ఒక పేరు ఒకసారి సరిగా ఎక్కితే ఎంతకాలం నిలుస్తుందో నాకు బాగా తెలుసు. కుట్టే ఇంగిలాయిని మాత్రం బెర్లిను నగరంలో కూర్చుని బ్లాక్ అనే పండితుడు 1794లో వర్ణించాడు. ఆయనకు ఆ చేప తమిళదేశంలోని తరంగంబాడి నుండి చేరింది. అప్పట్లో అక్కడ డేనిష్ వారి కోట ఉండేది.

ఇక పెంపకం సంగతి. చేపలను సరదాకు పెంచడం తెల్లవాళ్ళు నేర్పిన విద్య అనుకుంటాం గానీ అది నిజం కాదు. కల్యాణి చాళుక్యరాజు మూడో సోమేశ్వరుడు 1130 ప్రాంతంలో రాయించిన మానసోల్లాసంలో మత్స్యవినోదం అని ఒక అధ్యాయమే ఉంది. ఏ చేప ఏటిలో ఉంటుంది, ఏది సముద్రానిది, దేనికి పొలుసుంటుంది, దేనికి ఉండదు, దేనికి ఏం తిండి వేసి పెంచాలి, రాజుగారు గాలంతో వాటిని ఎలా పట్టి వినోదించాలి అని అందులో వివరంగా ఉంది. జంతుశాస్త్ర సర్వేకు డైరెక్టరుగా చేసిన సుందర్‌లాల్ హోరా 1950ల తొలినాళ్ళలో ఆ అధ్యాయాన్ని పరిశీలించి, అందులోని చేపలు ఇప్పటి ఏ చేపలో పోల్చి చెప్పారు. అయితే అదంతా రాజుల ముచ్చట.

మనబోటి ఇళ్ళలో చేపను ఉంచుకున్నది గోలెంలో. నా చిన్నతనంలో పల్లెల్లో చెరువు ఎండగట్టినప్పుడు ఒక్కరోజే చేపలు కుప్పలుగా దొరికేవి. మిగతా చేపలు సాయంత్రానికే కూర కావాలి, లేదా ఉప్పుచేప కావాలి. మార్పులను మాత్రం నీళ్ళు పోసిన గోలెంలో వదిలి, పైన తట్ట బోర్లించి, దాని మీద రాయి పెట్టేవారు. వారం పదిరోజులు అవి అలాగే ఉండేవి. రాయి ఎందుకంటే, మార్పు రాత్రిపూట బయటకు దూకి, రెక్కముళ్ళు ఊతం చేసుకుని తడినేల మీద పాకుతూ పోతుంది. పొద్దున్నే దొడ్డిలో అరటిచెట్టు మొదట్లో దొరికిన మార్పును నేనే చూశాను. మొప్పలతోపాటు గాలిని పీల్చుకునే అమరిక ఒకటి దాని తలలో ఉంది. అందుకే ఊపిరి కోసం పైకి వచ్చి, ఒక గుటక గాలి మింగి మళ్ళీ అడుగుకు పోతుంది. పిల్లలం గోలెం చుట్టూ చేరి ఎన్నిసార్లు పైకొస్తుందో లెక్కపెట్టేవాళ్ళం. మరి అది పెంపకం కాక మరేమిటి?

గాజు తొట్టి కథ ఇంగ్లండులో మొదలైంది. 1850లో రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు, తొట్టిలో చేపతోపాటు నీటిమొక్కలు కూడా ఉంటే నీళ్ళు చెడకుండా నిలుస్తాయని ప్రయోగం చేసి ప్రకటించాడు. 1853లో లండను జంతుప్రదర్శనశాలలో జనం చూడటానికి చేపల ఇల్లు కట్టారు. మరుసటి ఏడు ఫిలిప్ గాస్ రాసిన పుస్తకంతో ‘అక్వేరియం’ అనే మాట ఇంటింటికీ పాకింది. మన వైపు వాళ్ళకు ఆ మాట మద్రాసు ద్వారా వచ్చింది. మద్రాసు మ్యూజియం అధికారి ఎడ్గర్ థర్‌స్టన్ ఆలోచనతో 1909లో మెరీనా తీరాన అక్వేరియం తెరిచారు. గుంటూరు జిల్లా అప్పుడు మద్రాసు రాష్ట్రంలోనిదే గనుక కోర్టు పనికి, ఆసుపత్రి పనికి చెన్నపట్నం పోయిన మనవాళ్ళు ‘చచ్చిన కాలేజీ, బతికిన కాలేజీ’ చూసినట్టే దాన్నీ చూసి వచ్చి చెప్పేవారు. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో అది మూతపడింది. 

అద్దాల వెనక మీసాల చేప చేరడానికి కారణం వేరు. దక్షిణ అమెరికా ఏళ్ళలో కోరిడోరాస్ అని బొటనవేలంత చేప ఒకటుంది. ఒంటి మీద పొలుసులకు బదులు కవచం లాంటి పలకలుంటాయి. ఆ జాతిలో ఒక రకాన్ని ఓడప్రయాణంలో సేకరించి తెచ్చినవాడు సాక్షాత్తూ చార్లెస్ డార్విన్. 1842లో దాన్ని జెనిన్స్ వర్ణించాడు. 1878లో పారిస్‌లో కార్బొనియే అనే ఆయన ఆ రకాన్ని తొట్టిలోనే గుడ్లు పెట్టించి పిల్లలు చేయించాడు. అప్పటినుండి అడుగున పడ్డ మేతను ఏరుకు తినే ఈ చేప ఉంటే తొట్టి శుభ్రంగా ఉంటుందన్న ప్రచారం వచ్చింది. అది సగమే నిజం. మిగిలిన మేత తింటుంది గానీ ఇతర చేపల విసర్జన తినదు. అదీ ఒక చేపే గనుక దాని వంతు మురికి అదీ చేస్తుంది. దుకాణంవాడు ఈ రెండో సగం చెప్పడు.

నేను 1973లో నరసరావుపేటలో గుమాస్తాగా చేరిన నాటికి మా వైపు ఇళ్ళలో గాజు తొట్టి అరుదు. ఇనుప యాంగిళ్ళు అతికించి, నాలుగు వైపులా అద్దాలు బిగించి, సందుల్లో లప్పం పెట్టేవారు. మూడు నెలలకు ఒక మూల కారేది. సిలికాన్ జిగురు వచ్చాక ఇనుము పని పోయింది, అద్దానికి అద్దం అతుక్కుంది, తొట్టి చవకయ్యింది. 1990లలో వాస్తు పిచ్చి పుట్టి, ఈశాన్యంలో చేపల తొట్టి ఉండాలని ప్రతి రెండో ఇంటివారూ కొన్నారు. అప్పులు తీరాయో లేదో గానీ గుంటూరులో, విజయవాడలో చేపల దుకాణాలు మాత్రం పెరిగాయి. ఇక వేసవి కరెంటు కోతలు! గాలి పంపు ఆగిన రెండు మూడు గంటల్లో బంగారు చేపలు వెల్లకిలా తేలేవి. మా ఆఫీసు మిత్రుడొకరింట్లో ఒక మే నెలలో తొట్టిలోని చేపలన్నీ పోగా, పిల్లలు కాలవలో పట్టి తెచ్చి వేసిన మార్పు పిల్ల ఒక్కటే మిగిలింది. పైకి వచ్చి ఒక గుటక గాలి మింగి కిందికి పోయింది. గోలెంలో చేసినట్టే.

విశ్రాంత జీవితంలో చేపలు పెంచుకోదలచిన సోదరుల కోసం నాలుగు ముక్కలు ఇక్కడే చెబుతాను. మీసాల చేపలకు అడుగున నున్నటి ఇసుక పోయాలి. పదునైన కంకర పోస్తే మీసాలు అరిగి, పుండై, రాలిపోతాయి. ఇవి ఎక్కువగా రాత్రి తిరిగే జీవులు. పగలు దాక్కోవడానికి ఒక పగిలిన కుండ పెంకు చాలు. మేత దీపం ఆర్పబోయే ముందు వేయాలి, మునిగే రకం వేయాలి. తేలే మేత వేస్తే పై చేపలు తినేసి వీటిని పస్తు పెడతాయి. మన పల్నాటి బోరునీటిలో లవణం ఎక్కువ. ఆవిరైనంత మేర పైన మళ్ళీ అదే నీరు పోస్తూ పోతే లవణం పేరుకుపోతుంది, అద్దం అంచున తెల్లటి పొర కడుతుంది. వారానికో పదిరోజులకో పావువంతు నీరు తీసి కొత్తది పోయాలి. కుళాయి నీరైతే ఒక రోజు బక్కెట్టులో నిలవుంచి, క్లోరిన్ వాసన పోయాక వాడాలి. ఇంగిలాయి ముల్లులో విషం ఉంది. దాన్ని చేత్తో పట్టకండి. కుడితే, ఓర్చుకోగలిగినంత వేడి నీటిలో వేలు ముంచి డాక్టరు దగ్గరకు వెళ్ళాలి. వేడికి ఆ విషం విరుగుతుంది. షుగరు ఉన్నవాళ్ళం వేడి తెలియక చెయ్యి కాల్చుకునే ప్రమాదం ఉంది కాబట్టి ఇంట్లోవాళ్ళ చేత ముందు చూపించుకోవాలి.

ఇప్పుడు అసలు సంగతి. దుకాణంలో ‘సక్కర్’ అని, ‘ట్యాంక్ క్లీనర్’ అని రెండు మూడు అంగుళాల నల్లటి చేపను అమ్ముతారు. అద్దానికి నోరు ఆనించి అతుక్కుని ఉంటుంది. పాచి తింటుందని కొంటాం. ఇదీ దక్షిణ అమెరికా మీసాల చేపే. రెండు మూడేళ్ళలో అడుగు దాటుతుంది, అడుగున్నర దాకా పెరుగుతుంది. అప్పుడు దానికి తొట్టిలో తిరగడానికే చోటుండదు. అలాగే ‘షార్క్’ అని వెండిరంగు పిల్లను అమ్ముతారు. అది షార్కు కాదు, సొరచేప కాదు. మన బజారులో కిలోల లెక్కన తూచే పంగాస్ పిల్లే అది. థాయిలాండు చేప. బంగ్లాదేశ్, బెంగాల్ మీదుగా 1990ల మధ్యలో మన కోస్తా చెరువులకు వచ్చింది. మీటరు దాకా పెరిగేదాన్ని రెండడుగుల తొట్టిలో పెట్టడం, వీధి ఏనుగును వరండాలో కట్టేసుకోవడం.

పెరిగిన చేపను చంపబుద్ధి కాదు. దుకాణంవాడు వెనక్కి తీసుకోడు. చెరువులో వదిలితే పుణ్యం అనుకుంటాం. అసలు కథ అక్కడ మొదలవుతుంది. 1928లో దోమపిల్లలను తింటుందని గాంబూసియా చేపను ఇటలీ నుండి ప్రభుత్వమే తెప్పించింది. నూతుల్లో, గుంటల్లో వేశారు. అది దోమపిల్లలతోపాటు ఇక్కడి చిన్న చేపల గుడ్లనూ పిల్లలనూ తిన్నది. తరువాత ఆఫ్రికా మార్పు దొంగదారిన వచ్చింది. కనిపించిన ప్రాణినల్లా మింగుతోందని కేంద్రప్రభుత్వం 1997లో దాని పెంపకాన్ని నిషేధించింది. ఉత్తర్వు వెలువడింది గానీ చేప చెరువులోంచి వెళ్ళలేదు. ఉత్తర్వులకూ అమలుకూ మధ్య ఉండే దూరం మన పాఠకులకు నేను చెప్పాలా?

సక్కర్ మాత్రం ఏ శాఖ తెచ్చిందీ కాదు. ఇళ్ళలోని తొట్ల నుండే బయటికి పోయింది. 2000 తరువాత కేరళ, బెంగాల్ నీళ్ళలో కనిపించింది. ఇప్పుడు మన రాష్ట్రంలో జాలరులు దాన్ని దెయ్యం చేప అంటున్నారు. ఒంటి మీది కవచానికి వల చిరుగుతుంది. గుడ్ల కోసం గట్లలో బొరియలు తవ్వుతుంది. కొనేవాడు లేడు. గాలి మింగగలదు గనుక నీరు చెడినా చావదు. హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు నీటి నమూనాలలో దాని డి.ఎన్.ఎ. కోసం వెతికి, తూర్పు కనుమల నీటివనరులలో సుమారు 60 శాతంలో అది చేరిందని తేల్చారు. మన కొండవీటి కొండలూ ఆ కనుమలకు చెందినవే.

మా పక్కింట్లో ఒక రిటైర్డు మాస్టారు ఉన్నారు. వారి మనవడి కోసం కొన్న సక్కర్ నాలుగేళ్ళకు మూరెడు పొడుగైంది. పోయిన కార్తీకమాసంలో ఒకరోజు ఆయన ప్లాస్టిక్ డబ్బాలో దాన్ని పెట్టుకుని, గుడికి పోయే బట్టల్లో మా గుమ్మంలోకి వచ్చారు.

“గుమాస్తా గారూ, వస్తారా? కారు మాట్లాడాను. కొండ మీదికి పోయి ఈ మూగజీవాన్ని చెరువులో వదిలి, వెన్నముద్దల వేణుగోపాలస్వామిని చూసుకుని వద్దాం.”

“ఏ చెరువులోనండీ?” అన్నాను.

“ఏదైతేనేం? ముత్యాలమ్మ చెరువు ఉంది, పుట్టాలమ్మ చెరువు ఉంది, వెదుళ్ళ చెరువు ఉంది. రాజులు తవ్వించినవి. దీనికి కావలసినంత చోటు.”

“అందుకేనండీ వద్దంటున్నది. కూర్చోండి మాస్టారూ, కాఫీ తాగి మాట్లాడుకుందాం.”

ఆయనకు కోపం వచ్చింది. “చేపను నీళ్ళలో వదలొద్దంటారేమిటి? ఇక్కడ ఉంటే చస్తుంది కదండీ. పాపం నాకు కదా?” అన్నారు. ఆ మాటలో అన్యాయం లేదు. నేనూ అదే సంస్కారంలో పెరిగినవాణ్ణి. కానీ ఆ మూడు చెరువులు ఏమిటో ఆలోచించండి. దిగువన శ్రీనాథుడంతటివాడు పల్నాటి నీటి కరువును ఎద్దేవా చేశాడని చాటువులు చెప్పుకునే సీమ ఇది. ఆ కొండ నెత్తిన, దండు తాగడానికి, కోటలోని జనం బతకడానికి వాననీటిని పట్టి నిలిపారు. బురుజులు కూలాయి, మండపాలు ఒరిగాయి. రెడ్డిరాజుల తరువాత గజపతులు, రాయలు, గోల్కొండ నవాబులు, పరాసులు, ఇంగ్లీషువాళ్ళు వచ్చిపోయారు. చెరువులు మాత్రం వానకు నిండుతూనే ఉన్నాయి. కోటలో పాడవకుండా నిలిచిన రాజుల పని ఏదైనా ఉందంటే ఆ కట్టలే. కట్టలో బొరియలు తవ్వే చేపను చేతులారా తీసుకుపోయి అందులో వదలడమా?

ఈ మాట చెప్పాక మాస్టారు కాసేపు మాట్లాడలేదు. తరువాత, “ఒక్క చేప ఏం చేస్తుందండీ?” అన్నారు.

“ఒకటే పోదు కదండీ. కొండ మీదికి కార్లు పోయే రోడ్డు పడింది. ఆదివారం ఎన్ని బండ్లు ఎక్కుతున్నాయో మీరే చూస్తున్నారు. అందరిళ్ళలోనూ తొట్లున్నాయి.”

పైగా కొండ మీద వదిలింది కొండ మీదే ఉంటుందన్న హామీ లేదు. ఆ కొండల్లో పుట్టే కొండవీటి వాగు తాడికొండ, తుళ్ళూరు వైపు పొలాల గుండా పోయి ఉండవల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. వరద రోజుల్లో దాని నీటిని కృష్ణలోకి తోడటానికి 2018లో అక్కడ ఎత్తిపోతల పథకం కూడా వచ్చింది. వాగుకు వరద వస్తే గట్టు, కాలువ, పొలం అన్నీ ఒకటే. ఆ నీటిలో ఏది ఎటు పోయిందో ఏ రిజిస్టరులోనూ ఎక్కదు.

మాస్టారు ఆ రోజు కొండకు పోయారు, నేనూ పోయాను. డబ్బా మా వరండాలోనే ఉంది. దర్శనం చేసుకుని, చెరువుగట్టు మీద పులిహోర తిని వచ్చాం. మరుసటి వారం వారి అబ్బాయి గుంటూరులో నాలుగైదు దుకాణాలు తిరిగితే ఒకాయన, డబ్బులు ఇవ్వను గానీ ఊరికే అయితే పెద్ద తొట్టిలో వేసుకుంటానని తీసుకున్నాడు. ఆ తొట్టిలో అప్పటికే అటువంటివి తొమ్మిది ఉన్నాయట, అన్నీ ఎవరో ఒకరు తెచ్చి ఇచ్చినవే. అదీ కుదరని పక్షంలో పశువైద్యులను అడిగి నొప్పి లేకుండా పోనిచ్చే పద్ధతి తెలుసుకోవాలి గానీ చెరువు మాట తలపెట్టకూడదని మాస్టారికి చెప్పే ఉంచాను. వారి శ్రీమతికి ఆ మాట నచ్చలేదు. నాతో రెండు రోజులు సరిగా మాట్లాడలేదు.

ఖాళీ అయిన తొట్టిలో ఇప్పుడు మూడు జెల్లలున్నాయి. జాలరి దగ్గర బతికున్నవి ఏరి తెచ్చారు. వేలెడంత ఉంటాయి, ఒంటి పొడుగునా సన్నటి గీతలు. పగలంతా కుండ పెంకు కిందే ఉంటాయి. మనవడు మొదట్లో వీటిని మెచ్చలేదు, రంగులు లేవన్నాడు. రాత్రి తొమ్మిది దాటి దీపం ఆర్పాక, వీధిదీపం వెలుతురులో మీసాలు ముందుకు చాచి మూడూ వరుసగా బయలుదేరతాయి. ఆ పిల్లవాడు వాటికి అనవోతుడు, కుమారగిరి, పెదకోమటి అని పేర్లు పెట్టాడు.